విరాళాల ప్రకటనల్లో మనుషులు, ఊళ్లు: ఏడుపు ఫోటోనా, నవ్వు ఫోటోనా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పి మొదలుపెడతాను. మీరు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో విరాళాల విజ్ఞప్తులు రాస్తున్నారు. వరదలో ఇళ్లు పోగొట్టుకున్న ఒక కాలనీ కోసం రెండు నమూనాలు తయారు చేశారు. మొదటిదానిలో కళ్ల నిండా నీళ్లున్న ఒక పాప ముఖం తప్ప మరేమీ లేదు. రెండోదానిలో బడి యూనిఫాం వేసుకుని నవ్వుతున్న పిల్లలు ఉన్నారు. కొద్దిమంది దాతలకు రెండూ పంపి చూస్తే మొదటిదానికే ఎక్కువ డబ్బు వచ్చింది. అయినా దాన్ని అందరికీ పంపడానికి మీకు మనసొప్పడం లేదు. మనుషులనూ వాళ్ల ఊళ్లనూ ఇలా చూపించి డబ్బు అడగడం తప్పా, తప్పయితే అది సరిగ్గా ఎక్కడుంది అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి విజ్ఞప్తులకు ఫోటోలు తీయించాను, ఎంపిక చేశాను, వాటి కింద క్యాప్షన్లు రాశాను. ఆ అనుభవంతో చెప్పగలిగిన మొదటి మాట ఇది: ఏడుపా, నవ్వా అన్న దగ్గరే ఆగిపోతే ఈ చిక్కు ఎప్పటికీ విడదు. చూడవలసింది ఫోటో అంచులను. ఆ అంచుల లోపల ఎవరిని ఉంచాం, ఎవరిని కత్తిరించాం, కష్టానికి కారణం లోపల ఉందా బయటికి పోయిందా, ఊరు ఊరుగా కనిపిస్తోందా లేక వట్టి మట్టిగానో నీళ్లుగానో మిగిలిందా అన్నవే ఆ ఫోటో ఎవరికి న్యాయం చేస్తోందో, ఎవరికి అన్యాయం చేస్తోందో తేలుస్తాయి.

అందరికీ అలవాటైన ఒక నిమిషం టీవీ ప్రకటనను నెమ్మదిగా చూద్దాం. మొదటి షాట్‌లో పగుళ్లు విచ్చిన నేల కనిపిస్తుంది. అది ఏ ఊరో, ఏ జిల్లావో చెప్పరు. మహా అయితే "ఆఫ్రికాలో" అంటారు, యాభైకి పైగా దేశాలున్న ఖండం మొత్తం ఆ ఒక్క పగులులో ఇమిడిపోయినట్టు. తరువాత ఒక పాప వస్తుంది. కెమెరా నిలబడ్డ పెద్ద మనిషి ఎత్తులో ఉంటుంది కాబట్టి పాప తల ఎత్తి మనవైపు చూడక తప్పదు, మనం ఎక్కడ కూర్చుని చూస్తున్నా ఆమెను పైనుంచే చూస్తాం. తల్లి, తండ్రి, అన్న, పక్కింటివాళ్లు, బడి పంతులు, ఆరోగ్య కార్యకర్త ఎవరూ ఫ్రేములో ఉండరు, ఆ బిడ్డకు ఈ లోకంలో ఎవరూ లేరనిపిస్తుంది. పాప మాట్లాడదు. ఆమె గురించి వేరొక దేశపు గొంతు, వేరొక యాసలో, మెల్లగా మాట్లాడుతుంది. ఆమెకు పేరు ఉంటుంది కానీ ఇంటిపేరు ఉండదు. వానలు ఎందుకు పడలేదో, పడని చోట్ల కూడా అందరూ ఎందుకు పస్తులుండరో, అక్కడి గోదాముల్లో ధాన్యం ఉందో లేదో ఎవరూ ఎత్తరు. ఆపైన "మీరు" అన్న మాట వస్తుంది, నెలకు ఇంత ఇస్తే చాలంటూ ఒక మొత్తం తెరమీద కనిపిస్తుంది, చివరి షాట్‌లో అదే పాప గిన్నె పట్టుకుని నవ్వుతుంది. మొదటి షాట్‌కూ చివరి షాట్‌కూ మధ్య ఆ పాప జీవితంలో జరిగినట్టు చూపించినది ఒకే ఒక్కటి, అది మన డబ్బు.

ఇందులో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. పాప నిజం, ఆకలి నిజం, నేల మీది పగుళ్లూ నిజమే. అయినా ప్రతి ఎంపికా ఒకే దిశలో లాగుతుంది: ఇక్కడివాళ్లకు చేతకాదు, ఇక్కడ ఏమీ లేదు, మారితే బయటినుంచే మారాలి అన్న దిశలో.

ఇలా తీసేవాళ్లంతా కఠిన హృదయులని అనుకోకండి. వాళ్ల ముందు అంకెలు ఉంటాయి, ఆ అంకెలు మీకు వచ్చినట్టే వస్తాయి. 2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక చిన్న పని పూర్తిచేసినవాళ్లకు 5 డాలర్లు ఇచ్చి, అందులోంచి ఇష్టమైనంత విరాళంగా ఇవ్వవచ్చని చెప్పారు. కొందరికి ఆఫ్రికాలో ఆహార కొరతకు సంబంధించిన గణాంకాలు మాత్రమే చూపించారు, వాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. కొందరికి మాలీ దేశానికి చెందిన ఏడేళ్ల రోకియా అనే పాప ఫోటో, ఆమె కథ చూపించారు, వాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. మిగిలినవాళ్లకు రెండూ కలిపి చూపిస్తే సగటు 1.43 డాలర్లకు పడిపోయింది. పాప పక్కన గణాంకాలు నిలబెట్టగానే పాప మీద పుట్టిన జాలి కూడా తగ్గిపోయిందన్నమాట. 2009లో స్మాల్, మరొక పరిశోధకురాలితో కలిసి చేసిన ఇంకొక అధ్యయనంలో, విచారంగా ఉన్న ముఖం నవ్వు ముఖం కంటే, ఏ భావమూ లేని ముఖం కంటే ఎక్కువ విరాళం రాబట్టిందని తేలింది. మీ నమూనాల్లో మీరు చూసినది ఇదే.

ఈ ఫలితాలను మా రంగంలో దాదాపు చట్టంలా వాడతారు. "పాపను ఒంటరిగా ఉంచండి, అంకెలు తీసేయండి, కారణాలు వివరించకండి" అని కొత్తగా చేరినవాళ్లకు నేర్పుతారు, నాకూ అలాగే నేర్పారు. అయితే ఈ ప్రయోగాలు కొలిచింది ఒక్క సందర్భంలో, కొన్ని నిమిషాల్లో చెయ్యి జేబులోకి వెళ్లిందా లేదా అన్నదాన్ని మాత్రమే. అదే మనిషి అలాంటి ప్రకటనలు ఇరవై ఏళ్లు చూశాక ఆ ఊళ్ల గురించి, ఆ మనుషుల గురించి ఏం నమ్ముతాడన్నది వాటి పరిధిలో లేదు. విరాళం అడిగే ప్రకటన ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ఒకటి డబ్బు తేవడం. రెండోది, ఎన్నడూ అక్కడికి వెళ్లని మనిషికి ఆ చోటు ఎలా ఉంటుందో నేర్పడం. మొదటి పని ఆ నెలతో ముగుస్తుంది, రెండో పని దశాబ్దాలు నిలుస్తుంది, దానికి మాత్రం ఎవరూ లెక్క చెప్పరు.

దీనికి పెద్ద ఉదాహరణ ఇథియోపియా. 1984 అక్టోబరు 23న బీబీసీలో మైకేల్ బ్యూర్క్ చదివిన, మొహమ్మద్ అమీన్ చిత్రీకరించిన వార్తా కథనం ప్రసారమైంది. కోరెమ్ శిబిరంలో తెల్లవారుజామున చలికి ముడుచుకుని కూర్చున్న వేలాది మందిని చూసి ప్రపంచం చలించిపోయింది. 1985 జూలై 13న లండన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ ఒకేరోజు జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీల దాకా ఆ కదలిక సాగింది. ఎందరో ప్రాణాలు నిలిచాయి, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ ఆ విజ్ఞప్తుల్లో ఎక్కువ భాగం కరువును ఆకాశం నుంచి పడ్డ విపత్తుగానే చూపించాయి. వానలు పడకపోవడం నిజమే. దానితోపాటు టిగ్రే, ఎరిట్రియా ప్రాంతాల్లో తిరుగుబాటుదారులతో సైనిక ప్రభుత్వం యుద్ధం చేస్తోంది, ఆ ప్రాంతాలకు ఆహారం చేరకుండా అడ్డుకుంటోంది. తుపాకులు ఫ్రేము బయట ఉండిపోయాయి, ఎండిన నేల లోపల మిగిలింది. నీలి నైలు నది పుట్టేది ఆ దేశంలోని తానా సరస్సులోనని, అక్కడి ఎత్తైన పీఠభూముల్లో మంచి వర్షాలు పడే ప్రాంతాలు విస్తారంగా ఉన్నాయని ఆ ప్రకటనలు చూసి పెరిగిన ఒక తరానికి తెలియలేదు. 2002లో వీఎస్ఓ అనే బ్రిటన్ సంస్థ ప్రచురించిన నివేదిక ప్రకారం, బ్రిటన్ ప్రజల్లో 80 శాతం మంది పేద దేశాలనగానే కరువు, విపత్తు, పాశ్చాత్యుల సాయం అన్న దృశ్యాలనే గట్టిగా ముడిపెట్టి చూస్తున్నారు. కచేరీలు జరిగి అప్పటికి పదిహేడేళ్లు.

ఇది 1984లో పుట్టిన అలవాటు కూడా కాదు. 1870లలో లండన్‌లో అనాథ బాలల ఆశ్రమాలు నడిపిన థామస్ బర్నార్డో, పిల్లలను చేర్చుకున్నప్పుడు ఒకటి, బాగుపడిన తరువాత ఒకటి చొప్పున జంట ఫోటోలు తీయించి కార్డులుగా అమ్మించేవాడు. మొదటిదానిలో చినిగిన బట్టలు, రెండోదానిలో పనిముట్లు చేతబట్టిన శుభ్రమైన పిల్లవాడు. ఇంకా దీనంగా కనిపించడానికి బట్టలు కావాలని చింపించారని, రెండు ఫోటోలూ దాదాపు ఒకే సమయంలో తీసినవని ఆరోపణలు వచ్చాయి. 1877లో మధ్యవర్తుల విచారణ జరిగింది. బర్నార్డో మీద వచ్చిన ఆరోపణల్లో చాలావాటిని కొట్టివేసినా, ఈ ఫోటోల్లోని "కళాత్మక కల్పన"ను మాత్రం మధ్యవర్తులు తప్పుపట్టారు. ఆ సంవత్సరాల్లోనే, 1876 నుంచి 1878 దాకా సాగిన మద్రాసు ప్రెసిడెన్సీ కరువులో విలోబీ వాలేస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లలాంటి మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఫోటో తీసుకుని వాళ్లను అలాగే వదిలేశాడన్న విమర్శ ఆ కాలంలోనే వచ్చింది. నేటి వాదనలన్నీ అప్పుడే మొదలయ్యాయి: కల్పించడం, కూర్చోబెట్టడం, తీసుకుని వెళ్లిపోవడం.

అయితే బాధను చూపించడమే నేరమని చరిత్ర చెప్పడం లేదు, నా వాదనకు ఇదే ముఖ్యమైన ఆధారం. 1904లో కాంగోలో ఆలిస్ సీలీ హారిస్ అనే మిషనరీ తీసిన ఒక ఫోటోలో, న్సాలా అనే తండ్రి అరుగు మీద కూర్చుని, చంపేసిన తన చిన్న కూతురి తెగిన చేతినీ పాదాన్నీ చూస్తుంటాడు. అంతకంటే భయంకరమైన చిత్రం ఊహించలేం. కానీ బ్రిటన్‌లో, అమెరికాలో మేజిక్ లాంతరుతో, అంటే అప్పటి స్లైడ్ ప్రొజెక్టరుతో, ఆ చిత్రాన్ని తెరమీద వేసి చూపించిన ఉపన్యాసాల్లో రబ్బరు సేకరణ, బెల్జియం రాజు లియోపోల్డ్ పాలన, ఆ తండ్రి పేరు అన్నీ ఉండేవి. చూసినవాళ్లకు ఎవరి మీద కోపం రావాలో తెలిసింది. 1908లో కాంగో, లియోపోల్డ్ చేతినుంచి బెల్జియం ప్రభుత్వం చేతికి మారడానికి ఆ ఉద్యమం ఒక కారణం.

1919లో జరిగినది దీనికంటే మన పనికి దగ్గరగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన తరువాత కూడా జర్మనీ, ఆస్ట్రియాలకు ఓడల్లో సరుకులు చేరకుండా మిత్రరాజ్యాలు వేసిన నౌకా దిగ్బంధం కొనసాగుతుండగా, బ్రిటన్ సంఘ సేవకురాలు ఎగ్లంటైన్ జెబ్ లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కరపత్రాలు పంచింది. వాటిమీద ఆకలితో కృశించిన ఆస్ట్రియా పసిబిడ్డ ఫోటో ఉంది. ఆ ఫోటో కిందనే, మన దిగ్బంధమే దీనికి కారణమని రాసి ఉంది. అనుమతి లేకుండా కరపత్రాలు అచ్చువేసినందుకు ఆమెను అరెస్టు చేసి 5 పౌండ్ల జరిమానా వేశారు. ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాది ఆర్చిబాల్డ్ బోడ్కినే ఆ 5 పౌండ్లు తన జేబులోంచి ఇచ్చాడు. జెబ్, ఆమె సోదరి డొరొతీ బక్స్‌టన్ అదే సంవత్సరం మే నెలలో సేవ్ ద చిల్డ్రన్ సంస్థను ప్రారంభించారు. అంటే ఈ రంగంలో ఎంతో పెద్దదిగా ఎదిగిన ఒక సంస్థకు పునాది పడినప్పుడు ఆకలిగొన్న బిడ్డ ఫోటోతోపాటు కారణమూ అదే కాగితం మీద ఉంది, పైగా ఆ కారణం చదువుతున్నవాళ్ల సొంత ప్రభుత్వమే. తరువాతి దశాబ్దాల్లో మా రంగం ఫోటోను జాగ్రత్తగా దాచుకుంది, కింది వాక్యాన్ని వదిలేసింది. కారణం చెబితే కొందరు దాతలు నొచ్చుకుంటారు, ప్రభుత్వాలు అనుమతులు రద్దు చేస్తాయి, అంకెల ప్రయోగంలో చూసినట్టు విరాళమూ తగ్గుతుంది. ఇవన్నీ అర్థమయ్యే భయాలే, అయినా మనం పోగొట్టుకున్నది ఏమిటో గుర్తుంచుకోవాలి.

ఇక నవ్వు ఫోటో సంగతి. 1981లో డెన్మార్క్‌కు చెందిన సహాయ కార్యకర్త యోర్గెన్ లిస్నర్ ఒక వ్యాసంలో, బహిరంగంగా చూపకూడని మనిషి బాధను ఏ మర్యాదా లేకుండా బట్టబయలు చేయడం అశ్లీలంతో సమానమని ఘాటుగా రాశాడు. ఆ చర్చ ఫలితంగా 1989లో యూరప్ స్వచ్ఛంద సంస్థల సమన్వయ సంఘం చిత్రాలు, సందేశాలకు ఒక ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది, దాన్ని 2006లో తిరగరాశారు. 1989 నియమావళిలో నేను ఇప్పటికీ తరచూ చదువుకునే అంశం ఒకటి ఉంది: విపత్తు దృశ్యాలతోపాటు స్వర్గంలా చూపించే దృశ్యాలను కూడా వాడవద్దని, రెండూ మూల సమస్య గురించి ఆలోచింపజేయకుండా దాత మనస్సాక్షిని ఊరడిస్తాయని అది హెచ్చరించింది. చాలా సంస్థలు మొదటి సగం చదివి రెండో సగం వదిలేశాయి. ఏడుపు తీసేసి నవ్వు పెట్టాయి. పగిలిన నేల స్థానంలో పచ్చని పొలం పెట్టాయి. 2012 చివర్లో బ్రిటన్ సహాయ సంస్థ ఆక్స్‌ఫామ్, ఆఫ్రికాను ఆకలికి బదులు అందమైన ప్రకృతితో ప్రసిద్ధం చేద్దామంటూ పోస్టర్లు వేసింది. ఉద్దేశం మంచిదే. కానీ కొండలూ జలపాతాలూ ఉన్న పోస్టరులో కూడా మనుషులు కనిపించరు, అక్కడి నగరాలు కనిపించవు. అంచులు మళ్లీ అంతే బిగుసుకుంటాయి, లోపల పెట్టిన వస్తువు మారుతుంది.

మీ రెండో నమూనాలో నవ్వుతున్న పిల్లల విషయంలోనూ నా అభ్యంతరం ఇదే. వాళ్లు ఎందుకు నవ్వుతున్నారు? చదివేవాళ్లకు తోచే సమాధానం "నేను ఇచ్చినందుకు" అన్నది. ఇళ్లు మునిగిన మూడో రోజునే బడి గదులు కడిగి తెరిచిన టీచర్లు, పుస్తకాలు ఎండబెట్టిన తల్లులు అందులో లేరు. చెప్పాలంటే కృతజ్ఞతతో నవ్వే పిల్లవాడు, దీనంగా ఏడ్చే పిల్లవాడు ఒకే ప్రకటనలోని రెండు షాట్లు, బర్నార్డో జంట కార్డుల్లాగా.

2012లో నార్వే విద్యార్థుల సహాయ సంస్థ ఒకటి ఈ విషయాన్ని తిరగేసి చూపించింది. చలికి వణికిపోతున్న నార్వే ప్రజల కోసం ఆఫ్రికా యువతీయువకులు గది వెచ్చబరిచే రేడియేటర్లు పోగుచేసి పంపుతున్నట్టు ఒక వీడియో తీశారు. మంచులో జారిపడుతున్న మనుషులు, గడ్డకట్టిన రోడ్లు, జాలిగా పాడే గాయకులు అందులో ఉంటారు. మంచూ చలీ నిజమైనవే, కానీ మొత్తం చూసినా నార్వే గురించి మీకు తెలిసేది ఏమీ ఉండదు. కొత్తగా చేరినవాళ్లకు నేను ఈ ఒక్క ఉదాహరణ చెబితే గంట ఉపన్యాసం ఇవ్వనక్కర లేకపోయేది. అదే సంస్థ తరువాతి సంవత్సరాల్లో అత్యంత మూసపోసిన విరాళ ప్రకటనలకు విమర్శగా అవార్డులు ఇచ్చింది. 2017లో ఒక ప్రఖ్యాత గాయకుడు లైబీరియాలో వీధి పిల్లలను కలిసే ప్రకటనకు ఆ అవార్డు వచ్చింది, కథ మొత్తం అతని కన్నీళ్ల చుట్టూ తిరిగింది కాబట్టి. ఆ ప్రకటన చేయించిన బ్రిటన్ సంస్థ కామిక్ రిలీఫ్, ప్రసిద్ధులను ఆఫ్రికాకు పంపి చిత్రాలు తీయడం మానేస్తామని, అక్కడి దర్శకులతోనే తీయిస్తామని 2020లో ప్రకటించింది.

వికలాంగుల విషయంలో ఈ పోరాటం ఇంకా ముందే సూటిగా జరిగింది. 1990లోనూ 1992లోనూ బ్రిటన్‌లో ఒక టీవీ చానల్ గంటల తరబడి సాగే విరాళాల మారథాన్ జరుపుతుంటే, ఆ డబ్బు ఎవరి పేరున సేకరిస్తున్నారో ఆ వికలాంగులే స్టూడియో బయట నిరసనకు దిగారు. మమ్మల్ని చూసి జాలిపడటం ఆపండి, బస్సు ఎక్కే ఏర్పాటు చేయండి, ఉద్యోగంలో హక్కు ఇవ్వండి అన్నది వాళ్ల వాదన సారాంశం. 1992 తరువాత ఆ మారథాన్ మళ్లీ జరగలేదు. ప్రకటనలో కనిపించేవాళ్లు నోరు విప్పితే ఏమంటారన్నదానికి అంత స్పష్టమైన ఉదాహరణ నాకు మరొకటి తెలియదు.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే సమ్మతి గురించి నేను నేర్చుకున్నదంతా అక్కడినుంచే మొదలైంది. వృత్తిలో చేరిన కొత్తలో, పనిచేస్తున్న సంస్థ తరఫున ఒక ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని కరువు పీడిత గ్రామానికి వెళ్లాను. ఫోటోలు తీస్తారని ముందే తెలియడంతో ఒక తల్లి తన కొడుక్కి స్నానం చేయించి, తల దువ్వి, దాచిపెట్టిన మంచి చొక్కా వేసి గుమ్మంలో నిలబెట్టింది. ఫోటోగ్రాఫర్ చొక్కా తీసేయమన్నాడు, గుమ్మానికి దూరంగా నేలమీద కూర్చోమన్నాడు. ఆమె మారు మాట్లాడలేదు. చొక్కా విప్పి, నాలుగు మడతలు పెట్టి, చేతిలో పట్టుకుని పక్కన నిలబడింది. తీసిన ఫోటోలో కుడివైపు అంచున ఆమె చెయ్యి, చేతిలో మడతపెట్టిన ఆ చొక్కా పడ్డాయి. ఆఫీసుకు వచ్చాక ఆ అంచు కత్తిరించమని చెప్పింది నేనే. విజ్ఞప్తికి మంచి స్పందన వచ్చింది, పైవాళ్లు మెచ్చుకున్నారు. సమ్మతి పత్రం మీద ఆమె వేలిముద్ర ఉంది, ఫైలు ప్రకారం అంతా సక్రమంగానే ఉంది. ఆమె ఒప్పుకున్నది తన కొడుకు మంచి చొక్కాలో ఉన్న ఫోటోకు. మనం అచ్చువేసినది వేరొక ఫోటో.

2017లో సేవ్ ద చిల్డ్రన్ తన ప్రకటనల్లో కనిపించినవాళ్లనూ, వాళ్ల తల్లిదండ్రులనూ, ఇరుగుపొరుగునూ బ్రిటన్, జోర్డాన్, బంగ్లాదేశ్, నైజర్ దేశాల్లో అడిగి తెలుసుకుని ఒక అధ్యయనం ప్రచురించింది. మాట్లాడినవాళ్లు 200 మందికి పైగా ఉన్నారు. కష్టాన్ని చూపించకపోతే సాయం ఎలా వస్తుందని వాళ్లలో చాలామంది అన్నారు. బాధను చూపించడానికి వాళ్లు సిద్ధంగానే ఉన్నారు. అయితే ఆ ఫోటో ఎక్కడ, ఎవరికి, ఎంతకాలం కనిపిస్తుందో ముందే చెప్పాలని, అది చూసి తమవాళ్లు తమను చులకన చేస్తారేమోనని వాళ్ల మనసుల్లో ఉంది. సాయం చేసే సంస్థ మనిషి ఎదురుగా నిలబడి అడిగితే కాదనడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే సాయం పంచే మనిషి, సమ్మతి అడిగే మనిషి ఒకరే కాకూడదని నేను పట్టుబడతాను. ఫోటో ఇవ్వకపోయినా సాయం ఆగదని వాళ్ల భాషలో, ఇంకొక సాక్షి ముందు చెప్పించాలి.

ఈమధ్య కొందరు సమ్మతి గొడవ ఉండదని కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు వాడుతున్నారు. మీకు ఎవరైనా ఈ సలహా ఇస్తే వద్దనండి. ఈ యంత్రాలు నేర్చుకున్నది మేము ఇన్నాళ్లూ అచ్చువేసిన ఫోటోలనుంచే. 2023లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం, తెల్లజాతి పిల్లలకు నల్లజాతి వైద్యులు చికిత్స చేస్తున్న బొమ్మ గీయమని ఎన్నిసార్లు అడిగినా ఆ యంత్రం చికిత్స పొందే పిల్లలను దాదాపు ప్రతిసారీ నల్లజాతివాళ్లుగానే గీసిందని చూపించింది. మడతపెట్టిన చొక్కా పట్టుకున్న చెయ్యి ఆ బొమ్మల అంచున కూడా ఉండదు, ఎందుకంటే ఆ చేతిని మేము ముందే కత్తిరించాం.

ఇక మీ ప్రశ్నకు నేరుగా వస్తాను. మొదటి నమూనా పంపవద్దు. పాప ఏడుస్తోందన్నది నా కారణం కాదు. ఏడుపును దాచమని వరదలో ఇల్లు పోయిన బిడ్డను ఎవరూ అడగకూడదు. కానీ ముఖం చుట్టూ ఉన్న సమస్తమూ కత్తిరించారు కాబట్టి అది ఎవరి ఏడుపైనా కావచ్చు, ఏ వరదైనా కావచ్చు. పైగా ఆమె పెద్దయ్యాక కూడా ఆ ముఖం ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది. రెండోదీ వద్దు, కారణం పైన చెప్పాను. డబ్బు తగ్గుతుందేమోనన్న మీ మేనేజరు భయాన్ని కొట్టిపారేయకండి, అది నిజమైన భయమే. మొదటి నెల కొంత తగ్గవచ్చు. ఒక్క మనిషి కథ చెబితేనే చెయ్యి జేబులోకి వెళుతుందన్న పరిశోధనను మీరూ వాడుకోవచ్చు. ఆ ఒక్క మనిషి పసిబిడ్డే కావాలని, నిస్సహాయంగానే కనిపించాలని, చుట్టూ ఎవరూ ఉండకూడదని ఆ ప్రయోగాలు ఎక్కడా అనలేదు.

మీ ప్రశ్న చివర మీరు యథాలాపంగా ఒక మాట రాశారు. పనికిరాదని పక్కన పెట్టిన ఫోటోల్లో, ఆ పాప తల్లి విరిగిన గోడ పక్కన నిలబడి, ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఒక నోటుబుక్కులో రాస్తోందని, వెనక గోడ మీద నీళ్లు వచ్చిన ఎత్తు మట్టి గీతలా కనిపిస్తోందని, పాప ఆమె కొంగు పట్టుకుని ఉందని అన్నారు. రెండేళ్ల క్రితం కూడా కట్ట అదే చోట తెగిందని, అప్పటినుంచి కాలనీవాళ్లు అర్జీలు పెడుతూనే ఉన్నారని కూడా అన్నారు. నేనైతే ఆ ఫోటో వాడతాను. ఏ వైపూ కత్తిరించను. క్యాప్షన్‌లో మొదటి వాక్యం ఆమె పేరుతో, ఆమె అనుమతిస్తే కాలనీ పేరుతో, ఆమె ఏం చేస్తోందో చెబుతుంది: నూట నలభై ఇళ్లో, ఎన్ని ఇళ్లయితే అన్ని, వాటి జాబితా ఈమె రెండు రోజుల్లో తయారు చేసిందని. రెండో వాక్యం గోడ మీది మట్టి గీతను చూపిస్తుంది. మూడోది కట్ట తెగడం ఇది రెండోసారని, అర్జీలు ఎక్కడ ఆగాయో చెబుతుంది. డబ్బు దేనికన్నది ఆ తరువాత అడగండి, ఆమె జాబితాలో మొదట ఏం రాసుకుందో దానికోసమే అడగండి.

పంపే ముందు అచ్చు ప్రతి ఒకటి తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లండి. ఆమెకు చదవడం వచ్చినా సరే, క్యాప్షన్ మీరే గట్టిగా చదివి వినిపించండి, పాప కూడా పక్కనే ఉండేలా చూడండి. ఆమె ఏదైనా మార్చమంటే అక్కడే పెన్నుతో మార్చి, ఆ కాగితాన్నే డిజైనరుకు ఇవ్వండి.